ఘంటామఠమున బయల్పడిన తామ్రశాసనములు

శ్రీశైల మల్లికార్జునుని దర్శించు భక్తులలో ఆలయ సమీపముననున్న పంచమఠముల వైపు పోవువారు కొలదిమందియే. ఘంటామఠము, భీమశంకరమఠము, విభూతిమఠము, రుద్రాక్షమఠము, సారంగధరమఠము అని వాని పేర్లు.

ఘంటామఠమును జీర్ణోద్ధరణ చేయుచుండగా 2020లో వెండి నాణెములును, 2021లో తామ్రశాసనములును బయల్పడినవి. జనులు నాణెములను గూర్చియే ఎక్కువగా చెప్పుకొనిరి. అసలు ధనము ఆ రాగిరేకులే.

సాధారణముగా ఇట్టి రేకులకు రంధ్రము చేసి కడియమున కూర్చెదరు. మొదట దైవస్తుతి, పిమ్మట దాత వంశము, ప్రతిగ్రహీత పేరు, దానభూమి, దాని ఎల్లలు, తుదకు దానమపహరించువారికి శాపము. ఎల్లలు చెప్పుచోట చెరువు, పుట్ట, చింతచెట్టు, బాట అన్నియు వచ్చును. రాజప్రశస్తిలో అతిశయోక్తి యుండవచ్చును. చింతచెట్టును గూర్చి అబద్ధమాడవలసిన పని ఎవరికున్నది?

మఠములను బాగుచేయుట పుణ్యకార్యమే. కాని పాత రాళ్లను పెకలించునపుడు ఏ వస్తువు ఏ రాతిక్రింద, ఎంత లోతున దొరికినదో వ్రాసికొనకున్నచో సగము చరిత్ర అక్కడనే పోవును. రేకులను చింతపండుతో తోమరాదు. పులుపునకు సన్నని గీతలు అరిగిపోవును. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది.

మా గ్రామ శివాలయమున ఒక శాసనస్తంభము కలదు. బాల్యమున నేను కూడబలుకుకొని చదివిన రెండు పంక్తులు, ఏటేట పూసిన సున్నము క్రింద, నేడు చేతికి కూడ తగులుట లేదు.