సముద్రముపై విమానాశ్రయములు

నేలమీద స్థలము కావలెనన్నచో యజమానిని అడుగవలెను; వెల చెల్లింపవలెను; ఇరుగుపొరుగువారి సమ్మతి పొందవలెను. సముద్రమునకు యజమాని కానరాడు, పొరుగువాడును లేడు. కావున ఇఱుకైన దేశమువారు సముద్రమును పూడ్చి నేలగా చేసికొన్నచో ఆ నేల వారికి ఊరక లభించినట్లే యని తోచును. ఈ తలంపు ఎంతవఱకు నిజమో తెలిసికొనుటకు జపాను దేశపు విమానాశ్రయముల చరిత్ర మంచి పాఠము. ఆ దేశమువారు తీరజలములలో కృత్రిమ ద్వీపములు నిర్మించి, వానిపై విమానాశ్రయములను నెలకొల్పిరి. సముద్రము వారికి స్థలము నిచ్చినది. కాని ఊరక ఈయలేదు. దాని వెలను ఒక్కసారిగా గాక ఏటేటను వసూలు చేయుచున్నది. అది యెట్లో ఈ వ్యాసమునందు చూతము.

జపాను దేశపు భూభాగములో నాల్గింట మూడు పాళ్లు కొండలు. మిగిలిన కొద్దిపాటి మైదానములలోనే 12 కోట్లకు పైబడిన జనులలో అధికభాగము నివసింపవలెను. వరిపొలములు, కర్మాగారములు, రైలుమార్గములు ఆ కొంచెము నేలలోనే యిముడవలెను. పెద్ద విమానము పైకి లేచుటకును దిగుటకును మూడు నాలుగు కిలోమీటర్ల పొడవుగల సమతలమైన బాట కావలెను. దీనిని రన్‌వే యందురు. దాని కిరుప్రక్కల ఎదురుగా కొండలు గాని ఎత్తైన కట్టడములు గాని ఉండరాదు. ఇట్టి స్థలము ఆ దేశమున దొరకుట మిక్కిలి కష్టము.

స్థలము దొరకినను వేఱొక చిక్కు కలదు. అది ధ్వని. ఒసాకా నగరపు పాత విమానాశ్రయము ఇటామి యను చోట ఇండ్ల నడుమ నున్నది. 1964లో అచ్చటికి జెట్ విమానములు రాసాగెను. తలపైనుండి పోవు విమానముల హోరుచే నిద్ర లేక, మాట వినబడక బాధపడిన జనులు 1969లో న్యాయస్థానము నాశ్రయించిరి. 1981లో సర్వోన్నత న్యాయస్థానము గతములో కలిగిన బాధకు నష్టపరిహార మిప్పించెను గాని, రాత్రి విమానములను నిలిపివేయవలెనన్న కోరికను అంగీకరింపలేదు. టోకియో నగరము కొఱకు నరితా యందు నిర్మింపబడిన విమానాశ్రయపు కథ ఇంకను విషాదకరమైనది. 1966లో ప్రభుత్వము ఆ స్థలమును నిర్ణయించినది మొదలు అచ్చటి రైతులు తమ పొలములు విడువమని పోరాడిరి. ఆ ఘర్షణలలో పోలీసులును ఉద్యమకారులును ప్రాణములు కోల్పోయిరి. 1978 మార్చి నెలలో ఉద్యమకారులు విమానముల రాకపోకలను నియంత్రించు గోపురములో చొరబడి యంత్రములను ధ్వంసము చేయగా, ఆ విమానాశ్రయము మే నెలలో గాని తెఱువబడలేదు. ఇట్టి అనుభవముల తరువాత జపాను వారి దృష్టి సముద్రమువైపు మఱలుటలో ఆశ్చర్యము లేదు.

సముద్రమునుండి నేలను సంపాదించుట వారికి క్రొత్త విద్య కాదు. 1636లోనే నాగసాకి రేవునందు దెజిమా యను విసనకఱ్ఱ ఆకారముగల చిన్న కృత్రిమ ద్వీపము కట్టబడినది. మొదట పోర్చుగీసు వర్తకులను, 1641 మొదలు డచ్చివారిని అందుంచిరి. విదేశీయులు దేశములోని ప్రజలతో కలియకుండుటకై ఆ ద్వీపము నిర్మింపబడినది. అదే నాగసాకికి సమీపమున, ఓమురా అఖాతములో, ఒక చిన్న దీవి కొండలను చదునుచేసి, ఆ మట్టితో ప్రక్కనున్న సముద్రమును పూడ్చి, 1975లో విమానాశ్రయమును తెఱచిరి. ఒక ద్వీపము విదేశీయులను వేఱుగా నుంచుటకు, మఱియొకటి ప్రయాణికులకు ద్వారము తెఱచుటకు! ఐనను నాగసాకి విమానాశ్రయమునకు అడుగున సహజమైన దీవి యొకటి యుండెను. పూర్తిగా నీటినుండియే నేలను లేపి, అంతటి భారమును దానిపై మోపిన గొప్ప సాహసము ఒసాకా అఖాతమున జరిగినది. అదియే కాన్సాయ్ విమానాశ్రయము.

ఈ ద్వీపము తీరమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున నున్నది. నిర్మాణము 1987లో ప్రారంభమై, 1994 సెప్టెంబరు 4వ తేదీన విమానములు తిరుగసాగెను. అచ్చట సముద్రపు లోతు సగటున 18 మీటర్లు. లోతుకంటె పెద్ద కష్టము సముద్రగర్భమునందే యుండెను. అడుగున సుమారు 20 మీటర్ల మందమున మెత్తని బంకమట్టి కలదు. దాని క్రింద ఇసుక పొరలును ప్రాచీనమైన బంకమట్టి పొరలును ఒకదానిపై నొకటి వందలాది మీటర్ల లోతువఱకు వ్యాపించియున్నవి. రేగడినేలలో ఇల్లు కట్టి గోడలు బీటలు వాఱుట చూచినవారికి ఇట్టి పునాది యెంత నమ్మరానిదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

బంకమట్టిపై బరువు మోపినచో అది యేల క్రుంగును? పెరుగును గుడ్డలో మూటగట్టి పైన రాయి పెట్టినచో నీరు మెల్లమెల్లగా కారిపోయి, లోని ముద్ద చిన్నదై గట్టిపడును గదా! బంకమట్టి విషయమును అట్టిదే. దాని సన్నని రేణువుల నడుమ నీరు నిలిచియుండును. బరువు పడినపుడు ఆ నీరు బయటకు పోవలెను. పోయినకొలది మట్టి క్రుంగి గట్టిపడును. అయితే ఆ రేణువుల సందులు మిక్కిలి సన్నములగుటచే నీరు సాగిపోవుటకు ఏండ్లు పట్టును. ఈ క్రియను గణితముచే లెక్కించు మార్గమును కార్ల్ టెర్జాగీ యను శాస్త్రజ్ఞుడు 1925లో ప్రకటించెను. ఆ గణితమునుండి మనకు తేలు ముఖ్యవిషయ మేమనగా, నీరు బయటపడుటకు పోవలసిన దూరము సగమైనచో, పట్టు కాలము నాల్గవవంతగును.

ఈ సూత్రమునే జపాను ఇంజనీరులు ఉపయోగించుకొనిరి. సముద్రపు అడుగున నున్న మెత్తని బంకమట్టిలో 40 సెంటీమీటర్ల వెడల్పుగల గుంటలు నిలువుగా దింపి, వానిని ఇసుకతో నింపిరి. ఇట్టి ఇసుక స్తంభములు సుమారు 10 లక్షలు! బంకమట్టిలోని నీరు అంత మందమును దాటి పైకి రానక్కఱలేదు; ప్రక్కనున్న ఇసుకను చేరినచో చాలును; ఇసుకలో నీరు సులభముగా ప్రవహించును. దూరము తగ్గినందున, అనేక సంవత్సరములు పట్టవలసిన పని కొద్ది నెలలలో ముగిసెను. పిమ్మట చుట్టును 11 కిలోమీటర్ల పొడవున రాళ్లతోను కాంక్రీటు దిమ్మలతోను కట్ట వేసి, సమీపప్రాంతముల కొండలను త్రవ్వి తెచ్చిన రాతిని, మట్టిని ఓడలలో కొనివచ్చి లోపల పోసిరి. మొదటి ద్వీపమునకు పట్టిన పూడిక 18 కోట్ల ఘనపు మీటర్లు. దాని సగటు మందము 33 మీటర్లు. తీరమునుండి ద్వీపమునకు పోవుటకు రెండంతస్తుల వంతెన నిర్మించిరి. పై అంతస్తున మోటారుబండ్లు, క్రింది అంతస్తున రైళ్లు పోవును. ఇటలీ దేశపు శిల్పి రెంజో పియానో రూపకల్పన చేసిన ప్రయాణికుల భవనము పొడవు సుమారు 1.7 కిలోమీటర్లు.

ఐనను ఇసుక స్తంభములు చేరగలిగినది పై పొరకు మాత్రమే. అడుగున నున్న ప్రాచీనమైన బంకమట్టి పొరలను చేరుట మానవునకు సాధ్యపడలేదు. వానిలోని నీరు తన యిచ్చవచ్చిన వేగముననే బయటకు పోవుచున్నది. కావున ద్వీపము క్రుంగుననుట మొదటినుండియు తెలిసినదే; కాని క్రుంగుడు ముందు వేసిన లెక్కను మించినది. పూడిక ప్రారంభమైనది మొదలు నేటివఱకు మొదటి ద్వీపము సగటున 13 మీటర్లకు పైగా క్రుంగినది. 1994లో ఏడాదికి సుమారు 50 సెంటీమీటర్లు క్రుంగుచుండిన నేల, 2008 నాటికి ఏడాదికి 7 సెంటీమీటర్లకు తగ్గినది. వేగము తగ్గినదే గాని క్రుంగుట ఆగలేదు.

ఇచ్చట ఇంజనీరుల వివేకము గమనింపదగినది. నేల అంతటను ఒకే విధముగా క్రుంగదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ క్రుంగును. అట్లైనచో పొడవైన భవనము మధ్యకు విఱిగిపోవును. దీనిని ముందే యూహించి, భవనపు స్తంభములు సుమారు 900 ఒక్కొక్కటిగా ఎత్తుటకు వీలుగా కట్టిరి. మోటారుబండి చక్రము మార్చునపుడు వాడు జాకీవంటి సాధనముతో స్తంభమును లేపి, దాని అడుగున ఇనుపపలకలను చేర్చి, మట్టమును సరిచేయుదురు. మనము ఇంటికి పునాది ఒకసారి వేసి మఱచిపోదుము. ఆ ద్వీపమున పునాదిని కొలుచుటయు సరిదిద్దుటయు నిత్యకృత్యము.

విమానాశ్రయము తెఱచిన నాలుగున్నర నెలలకే పరీక్ష వచ్చినది. 1995 జనవరి 17వ తేదీ తెల్లవాఱుజామున కోబే నగరప్రాంతమున ఘోరమైన భూకంపము సంభవించి 6,400 మందికి పైగా మరణించిరి. అదే అఖాతములో నున్న కాన్సాయ్ ద్వీపమునకు పెద్ద నష్టము కలుగలేదు. కాని కోబే రేవున సముద్రమును పూడ్చి కట్టిన పోర్ట్ ఐలండ్ అను ద్వీపమున నేలలోని ఇసుక నీటితో కలిసి బురదవలె పైకి పొంగెను. పూడిక నేలలన్నియు ఒక్కటి కావని దీనివలన తేలినది. ఇంత జరిగినను కోబే నగరపాలకులు ఆ ద్వీపమునకు ఎదుట మఱియొక ద్వీపము నిర్మించి విమానాశ్రయము కట్టదలచిరి. ఇండ్లు కోల్పోయిన జనులుండగా ఈ వ్యయ మేలయని పౌరులు ప్రశ్నించిరి. ప్రజాభిప్రాయము తీసికొనవలెనని 1998లో 3 లక్షల మందికి పైగా సంతకములు చేసిరి. నగరసభ దాని నంగీకరింపలేదు. విమానాశ్రయము 2006లో తెఱువబడినది.

కాన్సాయ్ విమానాశ్రయమునకు రెండవ పరీక్ష గాలినుండి వచ్చినది. రెండవ ద్వీపమును 4,000 మీటర్ల రన్‌వేయును 2007లో సిద్ధమయ్యెను. 2018 సెప్టెంబరు 4వ తేదీన, అనగా విమానాశ్రయము తెఱచి సరిగా 24 సంవత్సరములు నిండిన దినమున, జెబి యను తుఫాను ఒసాకా అఖాతముపై విరుచుకుపడెను. ఉప్పెన కట్టను దాటి మొదటి ద్వీపమును ముంచెను. భవనపు క్రింది అంతస్తులోని విద్యుత్సాధనములు నీట మునిగి దీపము లాఱిపోయెను. లంగరు నిలువక కొట్టుకొనివచ్చిన చమురు ఓడ యొకటి వంతెనను ఢీకొని దానిని చెఱచెను. వేలకొలది జనులు ఆ రాత్రి ద్వీపముననే చిక్కుకొని, మఱునాడు పడవలలోను బస్సులలోను తీరము చేరిరి. పిమ్మట చుట్టు కట్టల ఎత్తు పెంచిరి. నేల క్రుంగుచుండగా, సముద్రమట్టము పెరుగుచుండగా, కట్ట ఎత్తు చాలునా యను ప్రశ్న ప్రతి తరమువారును మరల వేసికొనవలసినదే.

తక్కిన చోట్ల స్థలమునుబట్టి ఉపాయములు వేఱువేఱుగా నున్నవి. నగోయా నగరమునకై ఇసే అఖాతమున 2005లో తెఱచిన చూబు విమానాశ్రయపు ద్వీపము, నీటి ప్రవాహమున కడ్డుపడకుండుటకై వంపు తీర్చిన అంచుతో కట్టబడినది. 2006లో తెఱచిన కితాక్యూషు విమానాశ్రయమునకు, ఓడలు పోవు మార్గములలో తీసిన పూడికమట్టి ఉపయోగపడినది. టోకియోలోని హనెడా యందు 2010లో తెఱచిన నాల్గవ రన్‌వే నదీముఖమున నున్నది. నదీప్రవాహము ఆగకుండుటకై దానిలో కొంతభాగమును పూడికపైన గాక, క్రింద నీరు పోవునట్లు ఉక్కు స్తంభములపై నిలిపిరి.

సముద్రమునకు యజమాని లేడని మొదట అనుకొంటిమి. అదియు పూర్తిగా నిజము కాదు. ఆ నీటిలో వలవేసి బ్రదుకు జాలరులు కలరు; వారికి పరిహార మీయవలసివచ్చెను. కాన్సాయ్ కట్టను నిటారుగా గాక రాళ్లతో వాలుగా కట్టుటచే వానిపై సముద్రపునాచు పెరిగి చేపలకు నెలవైనది. ఇది మేలే. కాని మొదటి ద్వీపమునకును దానిపై కట్టడములకును లక్ష కోట్ల యెన్నులకు మించిన వ్యయమైనది. ఆ ఋణభారము చిరకాలము మోయవలసివచ్చినది. ఇటామి జనుల మాట యేమి? దేశాంతర విమానములు క్రొత్త ద్వీపమునకు మారెను గాని పాత విమానాశ్రయము మూయబడలేదు. దేశములోపలి విమానములు పగటివేళ నేటికిని అచ్చట తిరుగుచున్నవి. రాత్రి తొమ్మిది గంటల తరువాత మాత్రము వారికి విశ్రాంతి. సముద్రముమీది విమానాశ్రయము రేయింబవళ్లు పనిచేయుచున్నది.

విద్యార్థులారా! ఇన్ని వెలలు చెల్లించినను ఆ ద్వీపము దండుగ యని చెప్పుట న్యాయము కాదు. ఒకరి నిద్రను, మఱియొకరి పొలమును బలిగొనక రాకపోకలు సాగించుటకు వారు వెదకిన త్రోవ యది. ఐతే నేలమీది పొరుగువానితో వివాదము తప్పించుకొన్నవారు, నీటితోను మట్టితోను ఎడతెగని లెక్క పెట్టుకొనిరి. తమ పునాది మెత్తనిదని వారు దాచలేదు. ఏటేట ఎంత క్రుంగినదో కొలిచి ప్రకటించుచున్నారు. కొలిచినదానినిబట్టి జాకీ ఎత్తుచున్నారు, కట్ట పెంచుచున్నారు. మన దేశముననైనను, ఏ దేశముననైనను, సముద్రతీరమున గొప్ప కట్టడము తలపెట్టువారు మొదటి ఖర్చుతో పాటు ఈ నిత్యపు ఖర్చునుకూడ ముందే లెక్కలో వ్రాసికొనవలెను. కట్టుటకు పట్టినవి ఏడేండ్లు. కాపాడుటకు గడువు లేదు.