వానకాలానికి సైకిలు టైరు

ఫిన్లండ్ వంటి మంచు దేశాల్లో చలికాలం రాగానే చాలామంది తమ సైకిళ్లకు వేరే టైర్లు తొడుగుతారు. వాటి రబ్బరు మెత్తగా ఉంటుంది. కొన్నిటికి సన్నని ఉక్కు మేకులు కూడా ఉంటాయి. ఎందుకో తెలుసా? రబ్బరులో పొడవైన గొలుసుల వంటి అణువులు ఉంటాయి. అవి అటూ ఇటూ సులభంగా కదలడం వల్లనే రబ్బరు సాగుతుంది, రోడ్డు గరుకుదనంలోకి ఒదిగి పట్టు ఇస్తుంది. చలి పెరిగేకొద్దీ ఆ కదలిక తగ్గి, రబ్బరు బిరుసెక్కుతుంది. మంచుగడ్డ మీద మెత్తని రబ్బరుకైనా పట్టు దొరకదు కనుక మేకులు కావాలి.

మరి విజయవాడలో? ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల కిందికి దిగదు. ఆ చలికి మామూలు రబ్బరు బిరుసెక్కదు. మనకు చలికాలపు టైర్లతో పనిలేదు. మన పరీక్ష అంతా వానకాలంలోనే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు. ఒక పాత సైకిలు కొని తొక్కడం నేర్చుకుంటున్నవారు తడి రోడ్డు మీద జారితే దెబ్బ తగులుతుంది. కాలువ గట్టు మీద జారితే ప్రమాదం ఇంకా పెద్దది.

గాడులు ఎక్కువుంటే పట్టు ఎక్కువా?

లోతైన గాడులున్న టైరు వానలో జారదని చాలామంది అనుకుంటారు. కారు విషయంలో ఇది నిజం. కారు టైరు వెడల్పు, దాని వేగమూ ఎక్కువ. నీరు పక్కకు పోయే వ్యవధి లేక టైరు నీటిపై తేలిపోవచ్చు. గాడులు ఆ నీటికి దారి ఇస్తాయి.

సైకిలు సంగతి వేరు. మీరూ, మీ సైకిలూ కలిసి 60 కిలోలనుకోండి. వెనుక చక్రం మీద సుమారు 36 కిలోల బరువు పడుతుంది. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 3 కిలోలైతే, 36ని 3తో భాగించండి. సుమారు 12 చదరపు సెంటీమీటర్లు! రోడ్డును తాకేది ఒక అగ్గిపెట్టె పైముఖమంత కూడా కాదు. ఇంత సన్నని చోటు నుంచి నీరు ఇట్టే పక్కకు తప్పుకుంటుంది. ఇంజనీర్ల లెక్క ప్రకారం ఇటువంటి టైరు నీటిపై తేలాలంటే వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటాలి. కనుక తారు రోడ్డుకు నున్నని టైరయినా చాలు, రబ్బరు మాత్రం మంచిదై ఉండాలి.

అయితే తడిలో సైకిలు ఎందుకు జారుతుంది? నీటి పొర ఘర్షణను తగ్గిస్తుంది. తొలకరి చినుకులకు రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జిడ్డవుతాయి. ఇనుప మూతలు, రోడ్డు మీది రంగు గీతలు మరీ నునుపు. అక్కడ వంపు తిరగకుండా, బ్రేకు వేయకుండా తిన్నగా దాటాలి.

డెల్టా నల్లమట్టి గట్లమీద కథ మారుతుంది. మెత్తని నేలలో గాడులు దిగబడి పట్టు ఇస్తాయి. కాని నల్లరేగడి తడిస్తే ఉబ్బి, బంకలా అంటుకుంటుంది. దగ్గరదగ్గరగా ఉన్న గాడులు దానితో నిండిపోతాయి. మట్టి మడ్గార్డు కింద పేరుకొని చక్రాన్నే ఆపేస్తుంది. అందుకే గట్టు దారికి వెడల్పయిన, దిమ్మెలు ఎడంగా ఉన్న టైరు మేలు. బురద మరీ ఎక్కువైతే దిగి నడిపించడమే తెలివి.

పాత సైకిలుకు టైరు ఎంచుకునేటప్పుడు

1. టైరు పక్కనున్న అంకెలు చదవండి. మామూలు నల్ల సైకిలుకు 28 × 1½ ఉంటుంది. దీన్నే 40-635 అని కూడా రాస్తారు. 40 మిల్లీమీటర్లు వెడల్పు, 635 మిల్లీమీటర్లు రిమ్ముపై టైరు కూర్చునే చోటి వ్యాసం. రేసు రకం సైకిలుకు ఆ వ్యాసం 622. రెండింటినీ '28 అంగుళాలు' అనడం కద్దు. కాని 13 మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని టైరు మరొకదానికి పట్టదు.

2. రేసు సైకిలుకు 25 మిల్లీమీటర్ల టైరుంటే, ఫోర్కులో, బ్రేకు దగ్గర ఖాళీ చూసుకొని 28 లేదా 32 వేయించండి. వెడల్పు టైరులో తక్కువ గాలితోనే పని జరుగుతుంది, పట్టూ బాగుంటుంది.

3. పాత టైరును వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, లోపలి దారాలు బయటపడినా గాడులెంత బాగున్నా మార్చాల్సిందే.

4. తడి రోడ్డుపై గాలి కొంచెం తగ్గించవచ్చు. కాని టైరు మీద రాసిన కనిష్ఠ పీడనానికి తగ్గకూడదు.

5. బ్రేకు రబ్బర్లు చూడండి. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. ముందుగానే మెల్లగా నొక్కి నీటిని తుడవనివ్వాలి.

ఏ టైరూ చేయలేని పని ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వంటి ప్రాంతాలు మునిగాయి. అలా నీరు నిలిచినప్పుడు కింద గుంట ఉందో, మూతలేని కాలువ ఉందో కనిపించదు. అటువంటి చోటికి సైకిలుతో వెళ్లనేకూడదు.

చేసి చూడండి

వెనుక టైరు అడుగున తడి సుద్దపొడి పూసి, నల్ల కాగితంపై దించండి. పెద్దవారొకరు సైకిలు పట్టుకోగా మీరు ఎక్కి కూర్చొని, దిగండి. కాగితంపై పడిన ముద్రను గళ్ల కాగితంపై గీసి, గళ్లు లెక్కించండి. గాలి కొంచెం తగ్గించి మళ్లీ చేయండి. వైశాల్యం ఎంత పెరిగింది?