రాలిన ఆకు – మేత నేల

మాఘ, ఫాల్గుణ మాసాలలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందులలో వేప, కానుగ ఆకు రాలుతుంది. సిమెంటు మీద, తారు మీద పడిన ఆ ఆకును ఊడ్చి చెత్తబండికి ఎత్తుతారు. లేదా మూలకు చేర్చి నిప్పంటిస్తారు. పక్కనే ఇందిరా పార్కులో మట్టి మీద పడి, ఎవరూ ఊడ్వని ఆకు మాత్రం వానాకాలంలో నల్లబడి మట్టిలో కలుస్తుంది. ఆకు ఒకటే, పడిన చోటు వేరు. నగరానికి పాలు పంపే సభ్యులు ఈ తేడాను గమనించవలెను. మీ పశువు మేసే బంచరాయి గడ్డికి ఎరువు వేసేది కుళ్లిన ఆకు, పేడ తప్ప మరెవరు?

గడ్డి పరచుకొని, అక్కడక్కడ తుమ్మ, మోదుగ, రేగు చెట్లు గల నేలను సవన్నా అంటారు. బడిలో ఆఫ్రికా బొమ్మ చూచి అది పరాయి మాట అనుకున్నాము గాని, మన బంచరాయిలు చాలావరకు ఆ జాతివే. హైదరాబాదు ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అధికభాగం జూన్–సెప్టెంబరు నెలలలోనే. ఆ తడిలో బూజు, సూక్ష్మజీవులు ఆకును కుళ్లబెడతాయి. నేల ఎండిన తరువాత వాటి పని బాగా మందగిస్తుంది. అప్పుడు పని చేసేది చెదపురుగు. అది ఎండుటాకును, ఎండిన పేడను పుట్టలోకి మోసి, దాని మీద బూజు పెంచి తింటుంది. తొలకరికి పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ బూజువే.

నేలను దున్నితే పుట్టల దారులు తెగుతాయి. మొదట మట్టిలోని పాత సారం త్వరగా కరిగి పంట బాగానే వస్తుంది, తరువాత తగ్గుతుంది. మితిమీరి మేపితే రాలడానికి ఆకే మిగలదు. నేల గట్టిపడి వాన నీరు పారిపోతుంది. అసలే మేపకపోతే గడ్డి నిలువునా ఎండి, మట్టికి తగలక, నిప్పుకు ఆహారమవుతుంది. కాలిస్తే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిపాలు. మితంగా మేపిన చోట గిట్టలు ఎండుగడ్డిని నేలకు తొక్కుతాయి. పశువు కడుపులో రెండు మూడు రోజులలో అరిగిన మేత పేడగా నేలకు చేరుతుంది.

మేము కొత్తగా ఉద్యోగంలో చేరినపుడు, బంచరాయిలో పుట్ట కనబడితే బి.హెచ్.సి. పొడి చల్లమని సభ్యులకు చెప్పినవారమే. ఆ మందు 1997లో నిషేధమైనది. చెద మక్కను, వేరుశనగను పాడుచేయదని కాదు. ఇంటి వాసాలకు చెద పడితే ఊరుకోమనీ కాదు. మేత నేలలో దానిని చంపడం మాత్రం మా పొరపాటు.

బంచరాయిని దున్ని మక్క వేద్దామన్న మాట కొన్ని సంఘాలలో వినిపిస్తున్నది. తీర్మానానికి ముందు ఒక పరీక్ష చేయండి. ఎండు మోదుగాకు 50 గ్రాముల చొప్పున తూచి, ఒక పాలు సన్నటి దోమతెర సంచిలో, ఒక పాలు చేపలవల సంచిలో కట్టండి. అటువంటి జతలను బంచరాయిలో, దున్నిన చెలకలో, బోడిగా మేసిన చోట మేకులతో నేలకు బిగించండి. దసరా తరువాత పెట్టి శివరాత్రికి తీసి, మట్టి దులిపి, ఎండబెట్టి తూచండి. రెండు సంచులలో మిగిలిన తూకాల తేడా చాలావరకు చెద చేసిన పని. అంకెలు తూకం రిజిస్టరు చివరి పేజీలో వ్రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినపుడు చూస్తాము.