పాత పనిముట్ల కూర్పునకు పేటెంటు చెల్లునా?

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పాత సైకిలు చక్రమునకు దంతె బిగించి పత్తి, మిరప చేలలో కలుపు తీయుట రైతులెరిగినదే. ఇట్టి కూర్పు చేసినవాడు దానికి పేటెంటు కోరవచ్చునా? వేరొకడు పేటెంటు పొందెనని విని మన పనిముట్టును మూలబడవేయవలెనా? సభ్యులకు తెలియవలసిన విషయమగుటచే దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

1970 నాటి పేటెంటు చట్టము ప్రకారము వస్తువు క్రొత్తదైనంత మాత్రమున చాలదు. ఆ పనిలో ఆరితేరినవానికి సులభముగా తోచునది కాకుండవలెను. తెలిసిన పరికరములను ఒకచోట చేర్చగా, ప్రతిదియు తన పాతపనిని వేరుగా చేయుచున్నచో అది ఆవిష్కరణము కాదని ఆ చట్టపు మూడవ సెక్షను చెప్పుచున్నది.

దీనికి ఇత్తడి పాత్రల వ్యాజ్యమొకటి మంచి నిదర్శనము. పెంబర్తి ఇత్తడిపనిని చూచిన జనగామవారికి ఇది తేలికగా బోధపడును. మీర్జాపూరులో పాత్రలను తిరుగుడు యంత్రమునకు జిగురుతో అంటించి మెరుగు పెట్టెడివారు. పాత్ర ఊడి ఎగిరిపడి పనివారికి దెబ్బ తగులు భయముండెడిది. ఒక సంస్థ, ఎదుటినుండి మొనగల కడ్డీతో పాత్రను అదిమిపట్టు విధానమునకు 1951 నుండి వర్తించునట్లు పేటెంటు పొందెను. మరియొక సంస్థ ఆ విధానమునే వాడగా వ్యాజ్యము పుట్టెను. అలహాబాదు హైకోర్టులో మొదట పేటెంటు రద్దయ్యెను, అప్పీలులో నిలిచెను, తుదకు 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు దానిని చెల్లదనెను. అట్లు పట్టుట ముందే తెలిసినదనియు, ఇది పనివాడు చేసికొను మామూలు సవరణయే యనియు తీర్పు చెప్పెను. పని సులభమైనను, ప్రమాదము తగ్గినను, అంతమాత్రమున పేటెంటు నిలువలేదు.

అయితే కూర్పులన్నియు పనికిరావని తలపరాదు. గొర్రునకు ఎరువు పెట్టె తగిలించగా రెండును తమతమ పనులనే చేసినచో అది చేర్పు మాత్రమే. వానిని కలిపిన రీతివలన విడిగా దేనికిని లేని క్రొత్త ఫలితము కలిగి, ఆ రీతి నిపుణునికి సైతము తోచనిదైనచో అది ఆవిష్కరణము కావచ్చును.

కావున అట్టి యంత్రము చేసినవారు దరఖాస్తు పెట్టకమునుపు దానిని సంతలో చూపరాదు, అమ్మరాదు. అంతకుముందున్న పేటెంట్లను వెదకించవలెను. దొరకిన హక్కు 20 ఏండ్ల వరకే యుండును.

ఊరందరు వాడు పనిముట్టుపై ఎవరైన పేటెంటు కోరినచో, దరఖాస్తు ప్రకటితమైన పిమ్మట, మంజూరు కాకమునుపు, ఎవరైనను వ్రాతమూలముగా అభ్యంతరము చెప్పవచ్చును. మంజూరైన పేటెంటును సైతము రద్దుచేయించు మార్గము కలదు. అందుకు పాతవాడుకకు సాక్ష్యము కావలెను. కావున కమ్మరికిచ్చిన సొమ్ము రసీదులను, తేదీగల ఛాయాచిత్రములను భద్రపరచుడు. సైకిలు చక్రపు దంతెకు మనము పేటెంటు పొందుట కష్టము. దానిని మనము వాడరాదని ఇతరులు వారించుటయు అట్లే కష్టము.