బడిలో చెప్పుకున్న మనసులో మాట ఎవరి చేతికి వెళ్తోంది?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఈ ఏడాది నుంచి ప్రతి సోమవారం మొదటి పీరియడ్‌లో పిల్లల చేత ట్యాబ్‌లో ఒక ఫారం నింపిస్తున్నారు. ఈ వారం ఎలా ఉన్నావు, నిద్ర పడుతోందా, ఇంట్లో గొడవలు జరుగుతాయా అని అడుగుతారట. మమ్మల్నేమో స్కూల్ యాప్‌లో ఒప్పుకున్నట్టు టిక్ పెట్టమన్నారు. పెట్టకపోతే పాపను వేరుగా చూస్తారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, వెస్ట్ మారేడ్‌పల్లి

జవాబు: అమ్మా, పిల్లల్ని బాగోగులు అడగడం మంచి పని. మార్కులు తప్ప మరొకటి అడగని బళ్లు మన దగ్గర ఇప్పటికీ ఎక్కువే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి మనమెవరం మరచిపోలేదు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణంపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. కాబట్టి ఈ ప్రయత్నాన్ని మొత్తంగా కాదనకండి. అలాగని చూడకుండా టిక్ కూడా పెట్టకండి.

మీరు రాసిన మూడు ప్రశ్నల్నీ విడివిడిగా చూడండి. మొదటి రెండూ పాప గురించి. మూడోది మీ ఇంటి గురించి. పాప 'అవును' అని నొక్కిందంటే ఆ సంగతి ఆమె పేరుతో, రోల్ నంబరుతో సహా ఆ యాప్ తయారుచేసిన కంపెనీ దగ్గరికి చేరవచ్చు. పక్క సీటు పిల్ల తొంగిచూస్తుంటే పాప నిజం చెబుతుందా అన్నది ఇంకో సంగతి. చాలామంది పిల్లలు నవ్వుముఖం బొమ్మ నొక్కేసి ట్యాబ్ పక్కనున్నవాళ్లకు ఇచ్చేస్తారు. అలాంటి జవాబుల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక చట్టం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల కదలికల్ని, ప్రవర్తనను కనిపెట్టడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. ఈ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నియమాలు బళ్లకు ఇక్కడ కొంత సడలింపు ఇచ్చాయి. చదువు కోసం, పిల్లల భద్రత కోసం అయితే వాళ్ల ప్రవర్తనను గమనించవచ్చు. అందుకే రేపు ప్రిన్సిపాల్ 'మాకు మీ అనుమతి అక్కర్లేదు' అనవచ్చు. అయితే పిల్లల క్షేమానికి హాని చేసేలా వివరాలు వాడకూడదన్న నిబంధన నుంచి బడికి కూడా మినహాయింపు లేదు. పిల్లల విషయంలో తప్పు చేస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. ఈ బాధ్యతలు పూర్తిగా అమల్లోకి వచ్చేది 2027 మే నెలలో. అప్పటిదాకా ఆగక్కర్లేదు. అడగడానికి మీకు ఏ గడువూ అడ్డు కాదు.

ప్రిన్సిపాల్‌కు ఒక కాగితం రాసివ్వండి. 'పాప ఎలా ఉందో మీరు కనుక్కోవడం మాకు సంతోషం. ఈ జవాబులు ఎవరెవరు చూస్తారు, ఏ కంపెనీ దగ్గర ఉంటాయి, ఏడాది చివర చెరిపేస్తారా? ఇంటి గురించిన ప్రశ్నలకు జవాబివ్వకుండా వదిలేసే వీలు పాపకు ఉందా? దయచేసి రాతపూర్వకంగా తెలపండి.' అంతే చాలు. మీతో పాటు మరో నలుగురు తల్లిదండ్రులు సంతకం పెడితే పాపను వేరుగా చూస్తారన్న భయం కూడా తగ్గుతుంది.

ప్రశ్న: మా వాడు పదో తరగతి. నెల రోజులుగా ముభావంగా ఉంటున్నాడు. స్కూల్లో కౌన్సెలర్ మేడమ్‌తో రెండుసార్లు మాట్లాడాడు. ఏం చెప్పాడో చెప్పమంటే ఆవిడ చెప్పనంటున్నారు. కన్నతండ్రిని, నాకు హక్కు లేదా?
- రైల్వే ఉద్యోగి, సీతాఫల్‌మండి

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదే. అయినా ఈ విషయంలో నేను మేడమ్ పక్షాన ఉంటాను. తను చెప్పింది సాయంత్రానికి ఇంటికి చేరుతుందని తెలిస్తే మీవాడు మూడోసారి ఆ గదిలో అడుగుపెట్టడు. అప్పుడు మీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. వాడి ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆవిడ మీకు చెప్పి తీరాలి. లైంగిక వేధింపుల సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ రెండు హద్దులూ మొదటి రోజే పిల్లవాడికి చెప్పారా అని ఆవిడను అడగండి.

'ఏం చెప్పాడు?' అని కాకుండా 'నేను ఇంట్లో ఏం మార్చుకుంటే మంచిది?' అని అడిగి చూడండి. దీనికి ఆవిడ తప్పకుండా జవాబిస్తారు. వాడి ఫోన్ వెతకడం, ఫ్రెండ్స్‌ను ఆరా తీయడం వద్దు సార్.

ప్రశ్న: ప్రతి శుక్రవారం పిల్లలు స్లిప్పుల మీద రాసిచ్చే మనసులో మాటల్ని ఫొటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. అందరికీ తెలిస్తే పిల్లల్ని బాగా చూసుకోగలమని. ఇది తప్పా?
- ఒక టీచర్, బోయిన్‌పల్లి

జవాబు: తప్పే. ఉద్దేశం మంచిదైనా ఈరోజే ఆపేయండి, పాత ఫొటోలు అందరి ఫోన్లలోంచీ తీసేయించండి. నలభై మంది టీచర్ల ఫోన్లలో ఉన్నది ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఉండదు. స్లిప్పులు ఒక్కరే చదవాలి, తాళం వేసిన బీరువాలో పెట్టాలి, ఏడాది చివర చింపేయాలి.

ఒక మాట మరీ ముఖ్యం. ఆ స్లిప్పులు రాసిన రోజే చదవండి. చనిపోవాలనిపిస్తోందని ఒక పిల్లాడు శుక్రవారం రాస్తే, మీరు సోమవారం చూస్తే మధ్యలో రెండు రోజులు వాడు ఒంటరివాడు. అలాంటి స్లిప్పు కనబడితే బిడ్డను ఒంటరిగా వదలకండి, తల్లిదండ్రుల్ని అప్పటికప్పుడు పిలిపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల ఆపదలకు 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ప్రతి పిల్లాడి డైరీ మొదటి పేజీలో రేపే రాయించండి.