నిరోధ్ వాడుకలో తెలుసుకోవలసిన సంగతులు

కుటుంబ నియంత్రణ అనగానే మన ఇళ్లలో స్త్రీకి చేసే శస్త్రచికిత్సే గుర్తుకు వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. కండోమ్‌పై ఆధారపడిన దంపతులు నూటికి ఒక జంట కూడా లేరు. భారం ఇలా ఒకరిపైనే పడటం న్యాయం కాదు. పైగా బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోరే యువ దంపతులకు శస్త్రచికిత్స తగిన మార్గమూ కాదు.

కండోమ్ వాడినా గర్భం వచ్చిందని కొందరు అంటారు. అది అబద్ధం కాదు. ప్రతిసారీ సక్రమంగా వాడే నూరు జంటలలో ఏడాదికి ఇద్దరు స్త్రీలు గర్భం దాల్చవచ్చు. సామాన్య వాడుకలో ఆ సంఖ్య పదమూడు. ఈ తేడా అంతా వాడే తీరులోనే ఉంది.

మొదటి శత్రువు వేడి. ధర్మపురి వేసవిలో రేకుల గదిలోనో, లారీ డ్యాష్‌బోర్డుపైనో, వెనుక జేబులోని పర్సులోనో ఉంచిన కండోమ్ బలహీనపడుతుంది. ప్యాకెట్‌పై గడువు తేదీ చూసి, పళ్లతో కాక వేళ్లతో అంచున చించాలి. అంగం స్తంభించాక, కలయిక ఆరంభానికి ముందే తొడగాలి. చివరి క్షణంలో తొడిగితే చాలుననుకోవడమే పెద్ద పొరపాటు. కొనను నొక్కి గాలి తీసి, మొదలు వరకు విప్పాలి. తిరగేసి పెట్టినట్లు గమనిస్తే దానిని పారవేసి కొత్తది తీసుకోవాలి. కొబ్బరినూనె, వాజెలిన్ రబ్బరును నిమిషాలలోనే దెబ్బతీస్తాయి. ఒకదానిపై మరొకటి తొడిగితే రక్షణ పెరగదు, రాపిడికి రెండూ చిరగవచ్చు. స్ఖలనం కాగానే, స్తంభన తగ్గకముందే, అంచును పట్టుకొని బయటికి తీయాలి. వాడినదానిని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మరుగుదొడ్డిలో వేస్తే గొట్టాలు పూడుకుపోతాయి.

1968లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన నిరోధ్ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. తమిళంలో కండోమ్‌ను ‘ఆణురై’ అంటారు. ఆ మాట నోటికి రాకపోయినా ‘నిరోధ్’ అంటే నర్సుకు అర్థమవుతుంది. సిగ్గుపడవలసిన పని లేదు.

కండోమ్ చిరిగినా, జారిపోయినా 72 గంటలలోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. నెలసరి వారం ఆలస్యమైతే గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి.