ఎలుక పెంటికలో కొలువు

అడ్డతీగల మన్యంలో మేకలు కాసే ఇంటి పిల్లలకు మందను చూడగానే తెలిసిపోతుంది, ఏది మేత ముట్టలేదో, దేని పెంటికలు పలచబడ్డాయో. ప్రయోగశాల ఎలుక అంత తేలిగ్గా బయటపడదు. పేగుల్లో బ్యాక్టీరియా కాపురం పెట్టినా చాలాసార్లు చలాకీగానే తిరుగుతుంది.

దాని గుట్టు విప్పేది జన్యు పరీక్ష. బైపీసీ చదివిన పిల్లలకు ఇదొక ఉపాధి దారి.

ఈ పరీక్ష ఎందుకంత అవసరమో ఒక పాత సంఘటన చెబుతుంది. 1992లో అమెరికాలోని ఫ్రెడరిక్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో, ఏ మందూ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచిన ఎలుకలకు కాలేయంలో కణుతులు కనిపించాయి. దోషి అప్పటికి పేరైనా లేని బ్యాక్టీరియా. 1994లో దానికి హెలికోబాక్టర్ హెపాటికస్ అని పేరు పెట్టారు. ఆ బ్యాక్టీరియా బయటపడకపోతే, మందు ఇచ్చిన ఎలుకల్లో వచ్చే కణుతుల నింద మందు మీద పడేది!

జన్యు పరీక్షకు బియ్యపు గింజంత పెంటికను శుభ్రమైన ట్యూబులో వేసి డీఎన్‌ఏ తీస్తారు. పీసీఆర్ యంత్రం దాన్ని సుమారు 95, 60, 72 డిగ్రీల మధ్య తిప్పుతుంది. ప్రతి చుట్టుకూ ఎంచుకున్న ముక్క రెట్టింపు. లెక్క ప్రకారం 30 చుట్లకు ఒక ముక్క వంద కోట్లు దాటుతుంది. టైజర్ వ్యాధి తెచ్చే క్లాస్ట్రిడియం పిలిఫార్మే మామూలు కల్చర్ ప్లేటులో పెరగదు, అక్కడ పీసీఆర్ బాగా అక్కరకొస్తుంది. చిక్కల్లా ఒకటే: చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉన్నా, పక్క బోను నుంచి గ్లౌజుకు అంటినా పాజిటివ్ వచ్చేస్తుంది.

ప్రయోగ జంతువుల రంగానికి హైదరాబాద్ పెద్ద అడ్డా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగ జంతువుల విభాగానికి పేరుపడింది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. మందుల కంపెనీల ప్రీక్లినికల్ ల్యాబులు సరేసరి.

పదో తరగతితో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చేస్తే జంతువుల సంరక్షణ వైపు వెళ్లొచ్చు. పరీక్షల బల్ల దగ్గరికి మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ డిగ్రీలు చేరుస్తాయి. జంతువుల ఆరోగ్య బాధ్యత తీసుకోవాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల బీవీఎస్సీ చదవాలి. జంతు ప్రయోగాలపై 1960 నాటి చట్టం, సంస్థల్లో ఉండే నైతిక కమిటీల పని తెలిసి ఉండటం అవసరం.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఒక ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి: ఒక బోను పాజిటివ్ వస్తే మొదట ఏం చేస్తారు? ఆ బోనును విడిగా పెట్టాలి, పశువైద్యుడికి చెప్పాలి, కొత్త గ్లౌజులతో తాజా పెంటిక తీసి మళ్లీ పరీక్షించాలి.